పత్తికాయ తాగని నీళ్ళు

మా వదినకి దేవుడిచ్చిన ముక్కు మామూలు ముక్కు కాదు. వీధి మలుపులో ఎవరింట్లోనో పాలు విరిగితే మా వాకిట్లో కూర్చుని చెప్పేది. అన్నయ్య లారీలు బాగుచేసే షెడ్డు నుంచి వస్తుంటే, మనిషి కనపడకముందే గ్రీజు వాసన పసిగట్టి బకెట్టూ సబ్బూ మెట్ల మీద పెట్టేసేది. అతను అక్కడే చొక్కా విప్పి, మోచేతుల దాకా తోముకుని, అప్పుడు గుమ్మం దాటాలి. నయమే, నానబెట్టి, పిండి, ఆరేశాక లోపలికి రమ్మనడంలేదు అని అన్నయ్య నాతో చెప్పి నవ్వేవాడు.

ఆమె ఒక పెద్ద లాడ్జికి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. అందులోనూ మరకల గదిలో. మూటలు రాగానే విప్పి, దేని మీద ఏ మరక ఉందో చూసి, చల్లనీళ్ళలో వెయ్యాల్సినవీ ఉడకబెట్టాల్సినవీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచాల్సినవీ వేరుచేసే పని. ముక్కూ మొహం తెలియని వాళ్ళు పడుకుని లేచిన దుప్పట్లు అవి. వాంతులు, చీమిడి, నెత్తురు, ఇంకా నోటితో చెప్పుకోలేనివి. ఒకసారి ఆమె ఇంటి తాళం మరిచిపోయి వెళ్తే ఇవ్వడానికి వెళ్ళి, ఆ గది గుమ్మంలో నిలబడలేక తాళం కిటికీలోంచి అందించి వచ్చేశాను. ఆమె మాత్రం మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, పెదవులు బిగించి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. ఊరందరి అసహ్యమూ తన చేతుల మీదుగానే పోతుందనీ, ఇంటికొచ్చాక కూడా ముట్టుకోమంటే తనవల్ల కాదనీ అనేది. అనడంలో తప్పేముంది? పాపం, ఆ ఇల్లు ఒక్కటే ఆమెకి మరకలేని చోటు. నేలా, గోడల అంచులూ, నీళ్ళ బిందే, గ్లాసులూ అన్నీ బ్లీచింగ్ నీళ్ళతో కడిగితేగాని ఆమెకి ప్రాణం కుదుటపడదు.

నేను పక్క వాటాలో ఉంటాను. దర్జీ దుకాణానికి కాజాలు కుట్టిపెడతాను. మా రెండు వాటాలకీ పెరడు ఒకటే, కుళాయి ఒకటే. కాబట్టి అక్కడ జరిగేదేదీ నాకు తెలియకుండా పోదు.

అలాంటి ఇంటికి కోడలొచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పిల్ల. నెమ్మదస్తురాలు. అబ్బాయి సరుకుల వ్యాను నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. అందుకేనేమో, కొన్నాళ్ళకి ఆ పిల్ల తనకి తోడుగా ఒక కుందేలుపిల్లని తెచ్చుకుంది. దూది ఉండలా ఉందని పత్తికాయ అని పిలిచేది. వదిన దాన్ని చెవుల ఎలుక అనేది. వద్దని అడ్డం చెప్పలేదు, ఔనని ఒప్పుకోనూలేదు. దాని పంజరం వెనక వరండా దాటి లోపలికి రాకూడదని మాత్రం అంది.

వద్దని ఎందుకు అనలేదో నాకు తెలుసు. బ్లీచింగ్‌తో వదిన చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంటుంది. కోడలు వచ్చిన కొత్తలోనే, ఎవరూ చెప్పకుండానే, సాయంత్రాలు నూనె వెచ్చచేసి ఆ చేతులకి రాయడం మొదలుపెట్టింది. మరకల గది చేతులని అంతకుముందు ఎవరు పట్టుకున్నారు గనక. ఒకరోజు రాస్తూ రాస్తూ, మీ చేతులు ఎంత కడిగినా లాండ్రీ వాసనే అత్తయ్యా అంది ఆ పిల్ల. వదిన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుంది. అంటే శుభ్రమైన వాసన అని నాకేసి చూసి తల ఎగరేసింది. కోడలు తల వంచుకుని రాస్తూనే ఉంది.

పత్తికాయకి జబ్బు చేసింది. ఒకరోజు మూల ముడుచుకుని కూర్చుని, మూత్రం పోయడానికి ముక్కుతుంటే కోడలు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మూత్రాశయంలో ఇసకలాంటిది పేరుకుంటోందట. పసిది కాబట్టి ఇప్పుడే జాగ్రత్తపడాలి, నీళ్ళు బాగా తాగాలి, తాగినవి బయటికి పోవాలి, ఆ రెండూ కనిపెట్టి చూడండి, పంజరంలో పరిచిన గుడ్డ ఒక పూట తడవకపోతే ఆలస్యం చెయ్యకండి అని చెప్పి పంపాడు.

కోడలు దానికొక పద్ధతి పెట్టింది. లాండ్రీలో దుప్పట్ల అంచుల మీద గుర్తులు రాసే చెరగని సిరా పెన్ను అత్తగారిని అడిగి తీసుకుని, గాజు గిన్నె బయట ఒక గీత గీసింది. పొద్దున గీత దాకా నీళ్ళు పోస్తే, సాయంత్రానికి ఎంత తగ్గిందో తెలుస్తుంది. లాండ్రీలో పారేసిన చిరుగు దుప్పట్లు ముక్కలు చేసి పంజరంలో పరిచింది. తెల్లగుడ్డ కాబట్టి ఎక్కడ తడిసిందో, ఎంత తడిసిందో, ఏ రంగులో ఉందో దాగదు. పద్ధతి బాగానే ఉంది. కాని ఇంతలో ఆ పిల్ల తల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. వెళ్ళక తప్పదు. జబ్బుదాన్ని అంతదూరం ప్రయాణం చేయించడం కుదరదు. అబ్బాయి వ్యాను మీద ఉన్నాడు. అన్నయ్యకి అప్పజెబుదామంటే షెడ్డు నుంచి ఏ వేళకి వస్తాడో అతనికే తెలియదు. నేను చూస్తానన్నానుగాని, కోడలు అత్తగారినే అడిగింది.

“మీకు అసహ్యమని తెలుసు అత్తయ్యా.”

“తెలిసే అడుగుతున్నావు.”

“మీకైతే మరక చూడగానే తెలుస్తుంది. ఇంకెవరు చూసినా నాకు నిద్రపట్టదు.”

వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పంజరం వైపు చూసింది. సరేలే, మీ అమ్మ కాలు చూసుకో ముందు అంది.

మొదటిరోజు పొద్దున్నే నన్ను సాక్ష్యానికి పిలిచింది. గుడ్డ మీద అరచేయంత తడి. నడిమధ్య తెల్లగా, చిక్కగా, చల్లారిన గంజిలాగ ఏదో పేరుకుని ఉంది. అంచులు పసుపురంగులోకి తిరిగి అట్టకట్టాయి. కంపు కళ్ళలోకి పొడుచుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఇన్ని దుప్పట్లు చూశాను, ఇలాంటి గంజి ఎక్కడా చూడలేదు అంటూ ఆమె తొడుగులు వేసుకున్న చేత్తో, బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే వాడి, గుడ్డని చచ్చిన ఎలుకని తీసినట్టు తీసింది. సరిగ్గా అదే సమయానికి పత్తికాయ తన వెనకవైపుకి వంగి, మెత్తగా, మెరుస్తూ బయటికొచ్చిన దాన్ని నోటితోనే అందుకుని నమలడం మొదలుపెట్టింది. వదిన గుడ్డ అక్కడే వదిలేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. అది కుందేళ్ళ స్వభావమేనట, అలా తింటేనే వాటికి బలమట, కోడలు ఫోనులో చెప్పింది. స్వభావమైతే మాత్రం నా కళ్ళముందే తినాలా అని వదిన ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ రోజే ఆమె తన ఆయుధం బయటికి తీసింది. వంటింటి గట్టు కింద ఉండే బ్లీచింగ్ డబ్బా. పంజరం పళ్ళెం దానితో కడిగింది. గుడ్డలు దానిలో ముంచి ఆరేసింది. నీళ్ళ గిన్నెనైతే పొద్దునా రాత్రీ దానితోనే తోమింది. గిన్నె అంచుకి దాని మూతి బంకా రెండు వెంట్రుకలూ అంటుకుని ఉండడం ఆమె చూసింది మరి. వేలు పెట్టి రాస్తే జారుతోందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె భుజాలు జలదరించడం నేను చూశాను.

మర్నాడు పొద్దున గుడ్డ కొంచెమే తడిసింది. ఆ తరవాత ఇంకా కొంచెం. వదిన మొహం వికసించింది. పిల్లా, చూశావా, పెంపకం అంటే ఇది, చెవుల ఎలుకకి కూడా మర్యాద నేర్పాను అంది నాతో. నాకూ నవ్వొచ్చింది. శుభ్రం అలవాటైందనే మేమిద్దరం అనుకున్నాం. గిన్నెలో నీళ్ళు మాత్రం గీతని అంటిపెట్టుకునే ఉన్నాయి. అది ఆమె గమనించకపోలేదు. గమనించి, తన మనసుతోనే అర్థం చెప్పుకుంది. గిన్నె ఇంకా శుభ్రంగా లేదు, అందుకే తాగడంలేదు, ఆ బంక గిన్నెలో నేనైతే తాగుతానా అనుకుంది. ఇంకొంచెం బ్లీచింగ్ వేసి, ఇంకొంచెం గట్టిగా తోమి, రెండుసార్లు తొలిచి నీళ్ళు పోసింది. అది మూతి దగ్గరికి తెచ్చి, ముక్కు ఎగరేసి, వెనక్కి తిరిగేది. ఆమె మళ్ళీ గిన్నె తీసి తోమేది. దేవుడా, ఎంత శ్రద్ధగా చేసిందో ఆ పని.

ఒక పొద్దున గుడ్డ పొడిగా ఉంది. పెంటికలు కూడా మిరియాల గింజలంత చిన్నవి, నాలుగో అయిదో. పత్తికాయ మూలకి ఒదిగి, వీపు గూనిలా పెట్టి, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. వదిన గుడ్డ ఎత్తి వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. లేని మరక కోసం ఆమె వెతకడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరుకి ఫోను చేస్తే సాయంత్రం గాని రాడన్నారు. రాగానే మొదట చూపిస్తాం, ఈలోపు ఎలాగోలా నీళ్ళు తాగించండి, మూత్రం పోస్తే అందులో ఇసక ఉందేమో చూడండి అని అక్కడి మనిషి చెప్పాడు. వదిన ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేని రోజు కూడా మానని మనిషి.

ఇంతలో కోడలు ఫోను చేసింది. ఎలా ఉందని అడిగింది. వదిన నాకేసి చూసి, ఉంది అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఫోను పెట్టేశాక మెట్టు మీద కూలబడింది.

“ఇది చస్తే నేనే చంపానంటారు పిల్లా.”

“ఆ అమ్మాయి అలా అనదు వదినా.”

“అనదు. నూనె రాస్తూ అనుకుంటుంది. నాకు అసహ్యమని ఈ వీధంతా తెలుసు. ఎవరికి చెప్పినా నమ్మరు.”

ఆ మాటలో నిజం ఉంది. ఆమెకి దాని మీద ప్రేమ పుట్టలేదు. ఆ క్షణాన కూడా దాని కంపుకి మొహం పక్కకి పెట్టుకునే మాట్లాడుతోంది. ఆమె భయమంతా ఆ నూనె చేతులు తనని వదిలేస్తాయనే.

ఎలాగైనా తాగించాలని గిన్నె మరోసారి తోమి తెచ్చింది. పంజరం తలుపు తీసి, తొడుగులు వేసుకున్న చేతులతో దాన్ని పట్టుకోబోయింది. అది గింజుకుంది. రబ్బరు జారింది. అంత నీరసంలోనూ కిందికి దూకి, వరండా అంచు వెంబడి కుంటుకుంటూ పోయి, పూలకుండీ కింద ఉన్న పళ్ళెం దగ్గర ఆగింది. అందులో ఎప్పుడో పడిన వాన నీళ్ళు పచ్చగా నాచుపట్టి ఉన్నాయి. ఒక చచ్చిన చీమ తేలుతోంది. కుండీలోంచి కారిన మట్టి అడుగున బురదగా ఉంది. పత్తికాయ ఆ పళ్ళెంలో మూతి పెట్టి తాగడం మొదలుపెట్టింది. తాగుతూనే ఉంది. చీమ దాని మీసానికి అంటుకుంది.

ఛీ ఛీ అంటూ వదిన లాగెయ్యబోతే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. తాగనీ వదినా, తాగడమే కదా కావాల్సింది అన్నాను. ఆమె ఆగింది, కాని కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు వినలేక చెవులు కూడా మూసుకుంది.

అది కడుపునిండా తాగాక, నాచునీళ్ళు తాగుతుందిగాని మంచినీళ్ళు తాగదా అని ఆమె పౌరుషంగా గాజు గిన్నె దాని ముందు పెట్టింది. అది ముక్కు దగ్గరికి తెచ్చి తుమ్మింది. వెనక కాలు నేలకేసి టప్పున కొట్టి పక్కకి తిరిగింది. వదిన గిన్నె ఎత్తి వాసన చూసింది.

“ఏ వాసనా లేదే.”

నా చేతికిచ్చింది. మొహం దగ్గరికి తేగానే నా కళ్ళు చురుక్కుమన్నాయి.

“వదినా, ఇది నీళ్ళ గిన్నె కాదు. నీ పనిగది.”

ఆమె మళ్ళీ తీసుకుని వాసన చూసింది. వీధి మలుపులో విరిగిన పాలు పసిగట్టే ముక్కు. దానికి ఏమీ అందలేదు. ఇన్నేళ్ళు ఆ వాసనలోనే ఊపిరి పీలిస్తే అది ఇక వాసన కాదు, గాలి. మొదటిసారి ఆమె తన చేతులు ఎత్తి వాసన చూసుకుంది. తరవాత కొంగు. అప్పటికే అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చి మెట్ల మీద మోచేతులు తోముకుంటున్నాడు. అతన్ని అడిగింది, మన నీళ్ళకి వాసన ఉందా అని. అన్నయ్య మోచేతి మీది సబ్బు నురగ కడుక్కున్నాడు.

“షెడ్డులో ఓ చెంబెడు తాగే వస్తాను ఇంటికి.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు లాండ్రీలో చేరిన కొన్నాళ్ళ నుంచి. నీ కష్టం నీది. నీళ్ళదేముంది, ఎక్కడైనా తాగొచ్చు.”

నాకు అప్పుడు కోడలి సీసా గుర్తొచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చేటప్పుడు రోజూ నీళ్ళు నింపుకుని తెచ్చుకునే సీసా. ఇంట్లో కుళాయి ఉండగా అంత బరువు మోసుకురావడమెందుకని నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో అందరూ ఆమెని నొప్పించకుండా ఆమె నీళ్ళు మానేశారు. కుందేలు ఒక్కటే మొహమాటం లేకుండా మానేసింది. వదినకీ ఆ సీసా గుర్తొచ్చే ఉంటుంది. వంటింటి వైపు చూసి, చూపు దించుకుంది.

గాజు గిన్నె పక్కన పెట్టి, మా ఇంట్లోంచి మట్టి చిప్ప తెప్పించుకుని ఉత్త నీళ్ళతో కడిగింది. దాని అంచుకి పాత జిడ్డు పట్టి ఉంది. అది వేలికి తగులుతుంటే ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. బ్లీచింగ్ గుడ్డలన్నీ తీసేసి, నా దగ్గరున్న కత్తిరింపు గుడ్డల్లోంచి ఉతకని తెల్లముక్క ఒకటి తీసి పరిచింది. ఇక చేసేదేమీ లేదు. ఇద్దరం వరండాలో కూర్చుని ఆ తెల్లగుడ్డని చూడడం మొదలుపెట్టాం. నేను కాజా కుడుతూ, ఒక కంట గుడ్డనీ, మనసులో దేవుణ్ణీ పెట్టుకున్నాను. ఉచ్చ పొయ్యాలని దండం పెట్టడం అదే మొదలు, ఆయన ఏమీ అనుకుని ఉండడు.

ఎండ వరండా దాటాక పత్తికాయ తోక ఎత్తింది. ముక్కింది. మొదట బొట్టు, తరవాత చిక్కగా, తెల్లగా, గంజి తొట్టి అడుగున మిగిలినదానిలా జారి, గుడ్డ మీద పరుచుకుంది. ఇన్నాళ్ళు లోపల నిలవ ఉన్న కంపు ఒక్కసారిగా లేచింది. నా చేతిలో సూది ఆగిపోయింది. వదిన లేచి పెరట్లోకి పరిగెత్తి, కుళాయి దగ్గర వంగి, పొద్దున తిన్నదంతా కక్కింది. మొహం కడుక్కుని తిరిగొచ్చింది. తొడుగులు తీసుకుంది, వాసన చూసింది, ఏ వాసనా అందక, ఈ రబ్బరుతో ఇసక తెలియదన్నట్టు పక్కన పడేసింది.

పగిలిన ఉత్త వేళ్ళతో ఆ ముద్దని తాకింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, గంజి చిక్కదనం చూసినట్టు, మెల్లగా రాసింది. పళ్ళు బిగపట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళ పగుళ్ళలోకి అది దిగి మండి ఉంటుంది కూడా.

“ఇసక తగులుతోంది. సన్నటి రవ్వ. బయటికి వస్తోంది పిల్లా.”

ఆ చేతిని ఒంటికి దూరంగా, తనది కానట్టు, గాలిలో పట్టుకుని కూర్చుంది. రెండోసారి పోసినప్పుడు కూడా రాసి చూసింది. రెండోసారి కూడా డోకు వచ్చింది. అసహ్యం తగ్గుతుందనుకున్నాను, ఒక్క పిసరు తగ్గలేదు.

సాయంత్రం డాక్టరు కడుపు నొక్కి చూసి, ఖాళీ అవుతోంది, గండం గడిచినట్టే, నీళ్ళు మాత్రం ఆపకండి అన్నాడు. వచ్చేదారిలోనే వదిన కోడలికి ఫోను చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. బ్లీచింగ్ డబ్బా సంగతి, గుడ్డ పొడిగా ఉంటే మర్యాద నేర్చిందని సంతోషపడిన సంగతి, పొద్దున ఉంది అని ఊరుకున్న సంగతి. వదిన ఫోను చెవికి నొక్కిపెట్టుకుని నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

“ఇప్పుడు పోసినదాని వాసన ఎలా ఉంది అత్తయ్యా?”

“ఎలా ఉంటుంది? నోటితో చెప్పలేను. అంత కంపు నా జన్మలో ఎరగను.”

“అయితే బాగానే ఉంది.”

కోడలు తిరిగొచ్చేదాకా వదినే చూసింది. మట్టి చిప్పని ఉత్త నీళ్ళతో, మొహం అటు తిప్పుకుని కడిగేది. దాని మూతి బంక వేలికి తగిలితే ఇప్పటికీ భుజాలు జలదరిస్తాయి. అది తన పెంట తాను తింటున్నప్పుడు గోడవైపు తిరుగుతుంది. చెవుల ఎలుక అనడం మానలేదు. కాని వంటింటి గట్టు కింద డబ్బా పెరటి మూలకి పోయింది. నీళ్ళ బిందెని బూడిదతో తోమి, తొలిచి తొలిచి, మొదటి గ్లాసు నాకిచ్చి వాసన చూడమంది. లేదన్నాను. నా మాట మీద నమ్మకం లేక పక్కింటావిడని కూడా పిలిచి చూపించింది.

కోడలు వచ్చిన రోజు సంచీ దించి, తిన్నగా వరండాలోకి వెళ్ళి పత్తికాయని ఎత్తుకుంది. అది ఆమె చీర మీదే పోసింది. ఆ పిల్ల పకపకా నవ్వింది. వదిన మాత్రం ముక్కు మూసుకుని, ముందు వెళ్ళి ఆ చీర మార్చుకో అని కసిరింది. చీర మార్చుకుని, ప్రయాణం అలసటతో వంటింట్లోకి వచ్చిన కోడలు, సంచీలో ఉన్న సీసా తీసుకోబోయి ఆగింది. బిందెలోంచి గ్లాసు నిండా ముంచుకుని, నిలబడే తాగింది.

వదిన గుమ్మంలో నిలబడి ఆ గ్లాసు వైపే చూస్తోంది, ఎంత తగ్గిందోనని.